బేర్ బ్రయంట్ తొక్కిన గుమ్మాలు: అలబామాలో నాలుగు రోజులు

మొదటి రోజు: కమ్మింగ్ నుంచి బర్మింగ్‌హామ్

ముప్ఫై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. కబడ్డీ జట్టు నా ప్రాణం. కోర్టులో కూత నేర్పిన గంటలకన్నా, కుర్రాళ్ల ఇళ్ల అరుగుల మీద కూర్చుని వాళ్ల నాన్నలను ఒప్పించిన గంటలే ఎక్కువ. ‘పి.డి. గారు మళ్లీ వచ్చారు’ అని పిల్లలు వీధిలో కేకలు వేసుకుంటూ పరిగెత్తేవారు.

అమ్మాయి వాళ్లు అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో ఉంటారు. జూన్ మొదటి వారం, మనవడికి బడి సెలవులు. వాడు హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరాడు. ఇక్కడి ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. ఒడిసి పట్టడం, నేలకు తేవడం, పట్టు విడిపించుకుని గీత దాటడం చూస్తుంటే మన కబడ్డీయే గుర్తొస్తుంది. రెండు వారాలపాటు పాత మ్యాచ్‌లు చూపించి వాడు నాకు నియమాలు నేర్పాడు. నాకు మాత్రం ఒకటే సందేహం. “ఈ కాలేజీ కోచ్‌లు ఇంతింత మంది ఆటగాళ్లను ఎక్కడి నుంచి తెచ్చుకుంటారురా?”

“ఇళ్లకు వెళ్లి అడుగుతారు తాతయ్యా. దాన్నే రిక్రూటింగ్ అంటారు.”

ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. అది చూసి అల్లుడుగారు, “మామయ్యగారూ, ఆ పనిలో పేరుమోసిన మనిషి ఊరు ఇక్కడికి దగ్గరే. నాలుగు రోజులు సెలవు పెడతాను, చూసొద్దాం” అన్నారు. అమ్మాయి పులిహోర కట్టిచ్చింది.

అలబామా సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళుతుంది. బర్మింగ్‌హామ్‌లో ముందుగా ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికకు వెళ్లాం. ఇనుము, ఉక్కుతో పెరిగిన ఊరు ఇది. అల్లుడుగారు చెప్పిన కోచ్, పాల్ విలియమ్ బ్రయంట్ సమాధి కోసం నేను పెద్ద కట్టడాన్నే ఊహించుకున్నాను. చాలా సాదా రాయి. దాని మీద ఎవరో రెండు నాణేలు, ఒక ఓక్ కాయ పెట్టి వెళ్లారు. మనవడు టోపీ తీసి నిలబడ్డాడు.

ఈయన 1913లో ఆర్కన్సా రాష్ట్రంలో మోరో బాటమ్ అనే పల్లెలో, పన్నెండు మంది పిల్లలున్న పేద ఇంట్లో పుట్టాడు. పదమూడేళ్ల వయసులో పక్కన ఫోర్డైస్ ఊళ్లో థియేటరుకు తెచ్చిన ఎలుగుబంటితో కుస్తీకి దిగాడు. అప్పటి నుంచి ‘బేర్’ అన్న పేరు అతుక్కుపోయింది. మేరీల్యాండ్, కెంటకీ, టెక్సస్ ఏ అండ్ ఎమ్, చివరికి అలబామా విశ్వవిద్యాలయాల జట్లకు కోచ్‌గా 323 మ్యాచ్‌లు గెలిచాడు. అలబామాకు ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. చివరి మ్యాచ్ 1982 డిసెంబరు 29న. అది జరిగిన 28 రోజులకే, 1983 జనవరి 26న కన్నుమూశాడు. టస్కలూసా నుంచి ఇక్కడిదాకా రహదారి పొడవునా, వంతెనల మీద కూడా జనం నిలబడి సాగనంపారట.

సాయంత్రం లీజియన్ ఫీల్డ్ చూశాం. 1927లో కట్టిన స్టేడియం. గేటు ఊచల మధ్య నుంచే చూడనిచ్చారు. 1970 సెప్టెంబరు 12న ఇక్కడ కాలిఫోర్నియా నుంచి వచ్చిన యు.ఎస్.సి. (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు అలబామాను 42-21తో ఓడించింది. శామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి కుర్రాడు ఒక్కడే 135 గజాలు పరిగెత్తాడు. ఆ రోజు మైదానంలోకి దిగిన అలబామా ఆటగాళ్లందరూ తెల్లవాళ్లే. నన్ను ఆపేసింది మాత్రం ఇంకో పేరు: క్లారెన్స్ డేవిస్. అవతలి జట్టులో పరిగెత్తినవాడే, కానీ పుట్టింది ఈ బర్మింగ్‌హామ్‌లోనే. సొంత ఊళ్లో, సొంత రాష్ట్రం జట్టు మీద, పరాయి జెర్సీ వేసుకుని ఆడాడు.

నల్లజాతి ఆటగాళ్ల విషయంలో ఆ ఒక్క మ్యాచే అలబామా కళ్లు తెరిపించిందని ఇక్కడ కథలుగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోలేను. 1967 వసంతకాలపు సాధనలోనే ఐదుగురు నల్లజాతి విద్యార్థులు ఎవరూ పిలవకుండానే మైదానంలోకి వచ్చి చెమటోడ్చారు. 1969లో అక్కడి నల్లజాతి విద్యార్థుల సంఘం ‘మావాళ్లను ఎందుకు తీసుకోరు’ అని బ్రయంట్ మీద కోర్టుకెక్కింది. వాళ్ల తరఫున వాదించిన యు.డబ్ల్యూ. క్లెమన్ తర్వాత అలబామాలో తొలి నల్లజాతి ఫెడరల్ న్యాయమూర్తి అయ్యాడు. తలుపు తట్టిన చేతుల్ని మరిచి, ఒక్క ఓటమికి పేరంతా కట్టబెట్టడం న్యాయం కాదు.

రెండో రోజు: టస్కలూసా

బర్మింగ్‌హామ్ నుంచి గంట ప్రయాణం. పొద్దున పదింటికే ఎండ మన పల్నాటి ఎండలా మాడ్చేస్తోంది. బ్రయంట్ పేరుతో వీధి, బ్రయంట్ పేరుతో మ్యూజియం, బ్రయంట్–డెన్నీ పేరుతో లక్ష మంది పట్టే స్టేడియం. మ్యూజియంలో ఆయన గళ్ల టోపీని స్ఫటికంతో చేసి పెట్టారు. మనవడు దాని ముందు నుంచి కదలలేదు.

నేను బల్ల మీద కూర్చుని, వారం నుంచి చదువుతున్న సంగతులన్నీ ఒక వరసలో పెట్టుకున్నాను. బ్రయంట్‌ను ఈ ఊరికి తెచ్చినవాడు హ్యాంక్ క్రిస్ప్. కుడిచేయి లేని సహాయ కోచ్. 1931లో ఫోర్డైస్ వెళ్లి, ఇంకా హైస్కూలు పూర్తికాని ఆ పేద కుర్రాణ్ని తీసుకొచ్చాడు. వచ్చాక బ్రయంట్ ఈ ఊరి హైస్కూల్లోనే మిగిలిన చదువు పూర్తి చేసుకోవలసి వచ్చింది. అంటే ఇళ్లకు వెళ్లి అడిగే ఈ పనిలో బ్రయంట్‌కు తొలి పాఠం, తనను అడగడానికి ఒకరు రావడమే.

తర్వాత కెంటకీలో కోచ్‌గా ఉన్నప్పుడు ఆయన లూయిస్‌విల్ కుర్రాడు హోవర్డ్ ష్నెలెన్‌బర్గర్ మీద మనసు పడ్డాడు. ఆ కుర్రాడు అప్పటికే ఇండియానా విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చేశాడు. బ్రయంట్ వదల్లేదు. ఒకసారి ఏకంగా రాష్ట్ర గవర్నర్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. అదీ చాలక, ఆ ఇల్లు భక్తిగల కాథలిక్ కుటుంబమని తెలిసి ఆర్చిబిషప్‌తో చెప్పించాడు. అమ్మ మనసు ఎక్కడ కరుగుతుందో కనిపెట్టాడన్నమాట. ఈ పని చేసినవాళ్లకు తెలుసు: కుర్రాడు మొదటి రోజే తలూపుతాడు, నాన్న మూడో రోజు ఊపుతాడు. మిగిలిన రోజులన్నీ అమ్మ కోసం.

ఆ ష్నెలెన్‌బర్గరే 1961లో అలబామాలో బ్రయంట్‌కు సహాయ కోచ్‌గా చేరాడు. ఆ వేసవిలో పెన్సిల్వేనియాలో బీవర్ ఫాల్స్ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్లో జో నేమత్ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) ఉన్నాడు. మేరీల్యాండ్‌లో చేరాలనుకున్నాడు కానీ ప్రవేశ పరీక్షలో మార్కులు చాలలేదు. సంగతి తెలియగానే బ్రయంట్ ష్నెలెన్‌బర్గర్‌ను పంపాడు. ఈయన అక్కడే రోజుల తరబడి మకాం పెట్టాడు. చేతిలో డబ్బులు అయిపోయాయి. చివరికి నేమత్ వాళ్లమ్మ రోజ్ చిన్న పెట్టె సర్ది కొడుకును అప్పగించింది. తిరుగు ప్రయాణానికి, ఖాతాలో లేని సొమ్ముకు చెక్కు రాసిచ్చి టికెట్లు కొన్నానని ఆయనే తర్వాత చెప్పుకునేవాడు. ఒకప్పుడు తన గుమ్మంలో బ్రయంట్ చేసిన పనే అతను బీవర్ ఫాల్స్‌లో చేశాడు. సహాయకుల్ని ఎలా ఎంచుకోవాలో బ్రయంట్‌కు తెలుసు అనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నేమత్ వచ్చిన రోజున బ్రయంట్ ఎత్తయిన ఇనుప మంచె మీద నుంచి సాధన చూస్తున్నాడు. ఆ మంచె మీదికి ఆటగాళ్లెవరినీ రానిచ్చేవాడు కాదు. నేమత్‌ను పైకి పిలిచాడు.

మధ్యాహ్నం డ్రీమ్‌ల్యాండ్ అనే పాత హోటలుకు వెళ్లాం. బ్రయంట్ కోచ్‌గా తిరిగివచ్చిన 1958లోనే అదీ మొదలైందట. అల్లుడుగారు, మనవడు కాల్చిన పక్కటెముకల మాంసం తిన్నారు. నేను రొట్టెను పులుపు, కారం కలిసిన సాస్‌లో ముంచుకుని తిన్నాను. బాగుంది. టెక్సస్ ఏ అండ్ ఎమ్ జట్టును వదిలి ఎందుకు వెళుతున్నావని అడిగితే, “అమ్మ పిలిచింది. అమ్మ పిలిస్తే పరిగెత్తుకు రావలసిందే” అన్నాడు బ్రయంట్. చదువుకున్న కాలేజీని అమ్మ అనడం మనకు కొత్తేమీ కాదు. అయినా ఆ మాట అక్కడ కూర్చుని గుర్తుచేసుకుంటే గొంతు పట్టేసింది.

ఇక్కడ మాల్ మోర్ సంగతి కూడా చెప్పాలి. బ్రయంట్ 1958లో తెచ్చిన తొలి జట్టు కుర్రాడు, తర్వాత సహాయ కోచ్, చాలా ఏళ్లకు విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి అధిపతి. 2006 చివర్లో కొత్త కోచ్ కోసం వెతుకుతూ ఒకరిని అడిగితే కాదన్నాడు. మయామీలో వృత్తి జట్టుకు కోచ్‌గా ఉన్న నిక్ సేబన్, ‘నేను అలబామాకు రావడం లేదు’ అని డిసెంబరు 21న అందరి ముందూ తెగేసి చెప్పాడు. మోర్ అయినా కొత్త సంవత్సరం రోజున విమానమెక్కాడు. సేబన్ లేకుండా తిరిగొస్తే తనను క్యూబాలో దించేయమని పైలట్లకు చెప్పాడట. వాళ్లింటికి వెళ్లాడు, సేబన్ భార్య టెర్రీతో మాట్లాడాడు, ఎదురుచూశాడు. జనవరి 3న సేబన్‌తో కలిసి టస్కలూసాలో దిగాడు. ఆ సేబన్ 2024లో విరమించేలోపు అలబామాకు ఆరు జాతీయ టైటిళ్లు వచ్చాయి. స్టేడియం ముందు బ్రయంట్ విగ్రహంతోపాటు ఆయన విగ్రహమూ ఉంది. నేను మాల్ మోర్‌కే ఎక్కువ సేపు మనసులో దండం పెట్టుకున్నాను.

ఎండ తగ్గాక డెన్నీ చైమ్స్ గంటల గోపురం దగ్గరికి నడిచాం. ఏటా జట్టు కెప్టెన్లు తమ అరచేతులను, పాదాలను తడి సిమెంటులో అద్దుతారు. గోపురం చుట్టూ ఆ పలకలే. మనవడు 1964 దగ్గర ఆగి, “తాతయ్యా, నేమత్!” అన్నాడు. నేను ముందుకు వెళ్లి 1972 దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. జాన్ మిచెల్. పగలంతా ఎండకు కాగిన సిమెంటు ఇంకా వెచ్చగా ఉంది. వేళ్ల కొసల దగ్గర గుంట లోతుగా ఉంది, గట్టిగా నొక్కినట్టు. గుంటల్లో ఎండిన గడ్డి పరకలు. నా చేయి అందులో పెడితే చుట్టూ వేలెడంత చోటు మిగిలింది. పక్కనే 1973, విల్బర్ జాక్సన్. ఈ ఇద్దరి కోసమే మిగతా రెండు రోజులు.

చీకటి పడేలోపు ఫాస్టర్ ఆడిటోరియం చూశాం. 1963 జూన్ 11న వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వస్తే గవర్నర్ జార్జి వాలెస్ ఈ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. ఆనాటికి నేమత్ ఇదే ప్రాంగణంలో చదువుతున్నాడు. ఎనిమిది వందల మైళ్ల నుంచి కుర్రాణ్ని తెచ్చుకున్న జట్టు, పక్క వీధిలో ఉన్న నల్లజాతి కుర్రాణ్ని ఇంకా అడగలేదు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మూడో రోజు: మొబీల్

దక్షిణంగా నాలుగు గంటలు. దారి పొడవునా పైన్ చెట్లు, దుంగల లారీలు. చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు. మొబీల్ చేరేసరికి సముద్రపు గాలి, ఉక్కపోత. మా చీరాల గుర్తొచ్చింది.

బేస్‌బాల్ తెలిసినవాళ్లకు ఈ ఊరు పుణ్యక్షేత్రం. హ్యాంక్ ఆరన్, శాచెల్ పేజ్, విల్లీ మెకవీ, ఆజీ స్మిత్ నలుగురూ ఈ ఊళ్లో పుట్టినవాళ్లే, నలుగురూ నల్లజాతి వాళ్లే. ఆటగాళ్ల కోసం దేశమంతా గాలించే కోచ్‌కు ఇలాంటి వాడలున్న ఊరు సొంత రాష్ట్రంలో ఉంటే ఏం చేయాలి? వచ్చి కూర్చోవాలి. అలబామా రాలేదు. ఆ పిల్లలు గ్రాంబ్లింగ్ వంటి నల్లజాతి కాలేజీలకు వెళ్లారు, లేదంటే ఉత్తరానికో పడమరకో వెళ్లారు. గ్రాంబ్లింగ్‌లో ఎడ్డీ రాబిన్సన్ అలాంటి పిల్లలతోనే 408 మ్యాచ్‌లు గెలిచాడు. బ్రయంట్ గెలిచినవాటికన్నా ఎక్కువ.

విలియమ్సన్ హైస్కూలు ముందు కారు ఆపాం. జాన్ మిచెల్ ఇక్కడే చదివాడు. సొంత రాష్ట్రం విశ్వవిద్యాలయం అడగకపోతే ఎక్కడో ఎడారి రాష్ట్రం అరిజోనాలో జూనియర్ కాలేజీకి వెళ్లి రెండేళ్లు ఆడాడు. యు.ఎస్.సి. కోచ్ జాన్ మెక్కే అతణ్ని తీసుకోవాలనుకున్నాడు. మెక్కే, బ్రయంట్ మంచి స్నేహితులు. మాటల మధ్యలో మెక్కే ‘మాకో మంచి కుర్రాడు దొరికాడు, మీ మొబీల్ వాడే’ అన్నాడు. బ్రయంట్ మెల్లగా లేచి బయటికి వెళ్లి, మొబీల్‌లో ఈ కుర్రాడెవరో కనుక్కోమని ఫోను చేశాడు. అంతే, అలబామా వాళ్లు మిచెల్ ఇంటి గుమ్మం ఎక్కారు.

1971 సెప్టెంబరు 10న లాస్ ఏంజలిస్‌లో అదే యు.ఎస్.సి. మీద అలబామా 17-10తో గెలిచింది. అలబామా తరఫున మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా మిచెల్ ఆ రోజు దిగాడు. మరుసటేడు కెప్టెన్. 1973లో బ్రయంట్ అతణ్ని మళ్లీ అడిగాడు, ఈసారి సహాయ కోచ్‌గా. అలబామాలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి నల్లజాతి మనిషి కూడా అతనే. తర్వాత 1994 నుంచి పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే వృత్తి జట్టులో మూడు దశాబ్దాలకు దగ్గరగా పనిచేశాడు. నేమత్ ఊరు పిట్స్‌బర్గ్ పక్కనే. ఒకరు అక్కడి నుంచి దిగివచ్చారు, ఒకరు ఇక్కడి నుంచి ఎక్కివెళ్లారు.

బడి గోడ పక్కన నీడలో నిలబడి నేను అల్లుడుగారికి ఒక సంగతి చెప్పాను. ఇంట్లో ఎప్పుడూ చెప్పనిది.

1996లో అద్దంకి వైపు ఒక పల్లెలో ఇద్దరు కుర్రాళ్లను చూశాను. ఒకడు పెద్ద రైతు కొడుకు, పట్టు బాగా పట్టేవాడు. వాళ్లింటికి ఐదుసార్లు వెళ్లాను. ఐదోసారి వాళ్ల నాన్న పొగాకు బ్యారన్ దగ్గర ఉన్నాడని తెలిసి అక్కడికే వెళ్లాను. ఆయన పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, వేడి ఎంతుందో మాటిమాటికీ చూసుకుంటూ ఉంటే, నేను పక్కన నులకమంచం మీద తెల్లవార్లూ కూర్చున్నాను. కోడి కూసే వేళకు, “సరే పి.డి. గారూ, తీసుకెళ్లండి” అన్నాడు. ఆ కుర్రాడు తర్వాత నాగార్జున విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు.

రెండోవాడు అదే ఊరి దళితవాడ పిల్లవాడు. రైడర్. అతని కూత నేను కోర్టు అవతల రోడ్డు మీద నుంచి విన్నాను. గీత తాకి వెనక్కి మళ్లే వేగం అంతకుముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు. అతనికి మాత్రం రైతు కొడుకు చేత కబురు పంపాను: ‘వచ్చి కలవమను, ఫీజు సంగతి నేను చూస్తాను.’ అతను రాలేదు. ‘పిలిచాను కదా, రాలేదు’ అని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ ఇల్లు పెద్ద రైతు ఇంటికి రెండు ఫర్లాంగులు కూడా ఉండదు. ఐదుసార్లు ఆ ఊరు వెళ్లినవాణ్ని, ఆరోసారి అటు నాలుగు అడుగులు వేయలేదు.

అల్లుడుగారు ఏమీ అనలేదు. నీళ్ల సీసా అందించారు.

నాలుగో రోజు: ఓజార్క్, ఇంటిదారి

మొబీల్ నుంచి తూర్పుగా మూడు గంటలు వచ్చాక ఓజార్క్. పక్కనే సైన్యం హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద స్థావరం ఉంది. ఊళ్లో ఉన్నంతసేపూ తల మీద హెలికాప్టర్లు రెండేసి చొప్పున తిరుగుతూనే ఉన్నాయి. విల్బర్ జాక్సన్ ఈ చిన్న ఊరివాడు. ఇక్కడి క్యారల్ హైస్కూల్లో ఆడాడు. 1969 డిసెంబరులో అలబామా ఇచ్చిన ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌కు సంతకం పెట్టిన తొలి నల్లజాతి కుర్రాడు ఇతనే. లీజియన్ ఫీల్డ్ ఓటమికి తొమ్మిది నెలల ముందు! అప్పటి నియమాల ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు కాబట్టి, ఆ మ్యాచ్‌లో అతను దిగలేకపోయాడు. 1973లో కెప్టెన్ అయ్యాడు. 1974లో వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు అతణ్ని మొదటి రౌండులోనే తీసుకుంది.

“తన జాతి పిల్లలు ఇంకెవరూ లేని జట్టులోకి ఒక్కడే వెళ్లాలంటే భయం వేయదా తాతయ్యా?” అని మనవడు అడిగాడు. వాడి బడిలో వాడి జట్టులో తెలుగువాడు వాడొక్కడే. వేస్తుందన్నాను. అందుకే కోచ్ ఇంటికి వచ్చి వాళ్ల అమ్మానాన్నల కళ్లలోకి చూసి మాట ఇవ్వాలి, కబురు సరిపోదు అన్నాను. అంటుంటే నా గొంతు నాకే వినిపించింది.

పెట్రోలు బంకు దగ్గర ఆగాం. మనకు అప్పటికి రాత్రి పదిన్నర దాటింది. అయినా అద్దంకిలో ఉన్న నా పాత సహోద్యోగికి ఫోను చేశాను. ఆ రైడర్ పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

“ఉన్నాడండీ. ఆ ఊళ్లోనే. పిల్లలకు సాయంత్రాలు కబడ్డీ నేర్పుతుంటాడు. నంబరు పంపమంటారా?”

“వద్దండి. జూలై ఇరవైకి వచ్చేస్తున్నాను. ఇల్లు ఎక్కడో చెప్పండి.”

బస్సు దిగాక చెరువుకట్ట మీదుగా వెళ్లాలట, రామాలయం దాటి ఎడమకు తిరిగితే చర్చి పక్క సందులో మూడో ఇల్లు. మనవడు నా జేబులోని పెన్ను తీసి, పులిహోర డబ్బాకు చుట్టిన కాగితం మీద దారి గీస్తున్నాడు.